కొన కోసిన చుట్టలతో హైదరాబాదు

హైదరాబాదు వెళ్ళొచ్చిన మా ఊరివాళ్ళు బిర్యానీ గురించీ ముత్యాల గురించీ చెబుతారు. నేను మూడు రోజులుండి కూడా ఆ రెండింటి జోలికీ పోలేదు. నేను చూసిన హైదరాబాదల్లా అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, ఒక్కపూట కోఠి. మొదటి మూడూ ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచిపోవచ్చు. వెళ్ళేటప్పుడు నా చేతిలో రెండు వందల చుట్టలున్న చెక్కపెట్టె ఉంది. దాని సంగతి చెప్పకుండా ఈ ప్రయాణం సంగతి చెప్పలేను. చెప్పుకుని మురిసిపోయే ప్రయాణమూ కాదిది.

మాది గోదావరి లంకల పక్క ఊరు. నేను శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా అన్నయ్య పోయాక వదిన ఇంటి వెనక పాకలో చుట్టలు చుట్టించి అమ్ముతోంది. ఆరుగురు ఆడవాళ్ళకు అందులో పని. చుట్ట మంచిదని నేను ఎవరితోనూ అనను. అన్నయ్య పోయింది గొంతులో పుండుతోనే. కానీ వదినకు చేతనైన విద్య అదొక్కటే. ఆవిడ చుట్టిన చుట్ట మొదటి నుంచి చివరిదాకా ఒకేలా కాలుతుంది. కళ్ళు మూసుకుని చుట్టినా లావు తేడా రాదు.

ఇప్పుడు మా వైపు చుట్ట తాగేవాళ్ళు అరకొరగా మిగిలారు. రొయ్యలు వలిచే షెడ్డువాళ్ళు పాకలోని ఆడవాళ్ళను రమ్మని కబురు మీద కబురు పెడుతున్నారు. ఆ సమయంలో రమేష్ అనే అతను ఫోన్ చేశాడు. నారాయణగూడలో వాళ్ళ తాత నాటి పొగాకు దుకాణం అతనిది. ఇప్పుడందులో విదేశీ చుట్టలు, అంటే సిగార్లు, అమ్ముతున్నాడు. పెళ్ళికని మా వైపు వచ్చినప్పుడు వదిన చుట్ట తాగి చూశాడట. ఆదివారం పొద్దున తన పాత గిరాకీలంతా దుకాణంలో కలుస్తారనీ, రెండు వందలు తెస్తే వాళ్ళకు పెడతాననీ, నచ్చితే కొత్త పంట నుంచి నెలనెలా తీసుకుంటాననీ, దుకాణంలో ఒక అర వాటికే ఇస్తాననీ చెప్పాడు. నచ్చకపోతే ఆ అర తమిళనాడు చుట్టలకు ఇచ్చేస్తాడు. ఆ బేరం కుదిరితే పాక నిలుస్తుంది, లేకపోతే మూతపడుతుంది. వదిన ఆ ఏడు మిగిలిన మంచి ఆకంతా ఈ రెండు వందల్లోనే పెట్టింది. మళ్ళీ ఆకు చేతికొచ్చేది కొత్త పంటకే.

వదిన చుట్ట ముగించేటప్పుడు కొన దగ్గర ఆకును మెలిపెట్టి, గంజి రాసి మూసేస్తుంది. ఆ మూసిన కొన కోస్తేనే పొగ వస్తుంది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు చుట్ట ఇచ్చేటప్పుడు చిన్నవాళ్ళే కొన కోసి ఇవ్వాలి. పళ్ళతో కొరికితే ఎంగిలి కనుక వక్కలు కత్తిరించే అడకత్తెరతో కోస్తాం. కోయకుండా ఇవ్వడమంటే అన్నం వడ్డించి కూర గిన్నె దూరంగా పెట్టడం లాంటిది. అందుకని బయల్దేరే ముందు రోజు నేను అరుగు మీద కూర్చుని రెండు వందల చుట్టల కొనలూ కోసేశాను. రెండు గంటలు పట్టింది. ఒక్కదానికీ ఆకు చీలలేదు. పట్నంవాళ్ళకు మన మర్యాద తెలుస్తుందని మహా సంబరపడ్డాను.

అశోక్‌నగర్‌లో అద్దె మంచం

మా ఊరి టీచరుగారి అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఆ వారం ఊరికి రావడంతో ఆమె మంచం ఖాళీగా ఉంది. గురువారం పొద్దున సికింద్రాబాదులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మూడు వందలడిగి రెండు వందల యాభైకి వచ్చాడు. ఆ డబ్బుతో మా ఊరి నుంచి రాజమండ్రి వెళ్ళి సినిమా చూసి రావచ్చు.

అశోక్‌నగర్‌లో మనుషుల కంటే జెరాక్సు కాగితాలు ఎక్కువ. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు కూర్చుని చదువుతున్నారు. టీ తాగుతూ చదువుతున్నారు, క్యూలో నిలబడి చదువుతున్నారు. నా పక్క మంచం అమ్మాయి ఆరేళ్ళుగా అక్కడే ఉందట. పుస్తకం లోంచి తలెత్తకుండానే నమస్తే ఆంటీ అంది. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య బతికినా, చదువు అంత దిగులుగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

హాస్టల్లో వంట చేసేది లక్ష్మక్క. నల్లగొండ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. పెట్టె కింద పెట్టగానే ముక్కు పైకెత్తింది.

"పెట్టెల ఏమున్నది అక్కా? గింత వాసనొస్తున్నది."

"చుట్టలమ్మా. నారాయణగూడలో ఒకాయన చూస్తానన్నాడు."

"మా అత్త తాగుతుండె. ఆమె పక్కన కూసుంటే గిదే వాసన," అంటూ పళ్ళెంలో అన్నం, పచ్చిపులుసు పెట్టింది. మేము పులుసును కాచి కాచి చిక్కగా చేస్తాం. వీళ్ళు పొయ్యి మీద పెట్టకుండానే చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి పోస్తారు. ప్రయాణం బడలికలో నాకదే అమృతంలా అనిపించింది. ఈ మూడు రోజుల్లో రుచి తెలిసి తిన్న భోజనం ఆ ఒక్కటే.

నారాయణగూడ, పెట్టె మూత తీశాక

సాయంత్రం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదుగా నడిచి వెళ్ళాను. పూల దుకాణాలు, పెళ్ళికార్డుల దుకాణాలు, ఆంధ్రా పచ్చళ్ళ బోర్డులు. పచ్చళ్ళ దుకాణం ముందు ఇద్దరు ఆడవాళ్ళు అచ్చం మా యాసలో మాగాయ బేరమాడుతుంటే ప్రాణం లేచొచ్చింది. మంచి శకునం అనుకున్నాను.

రమేష్ దుకాణం ఫ్లైఓవరుకు ఇవతల సందులో ఉంది. కింద పాన్ డబ్బా, పైన చల్లటి గది, గది నిండా అద్దాల అరలు. నలభై ఏళ్ళ మనిషి. లేచి కుర్చీ జరిపాడు.

"రాండ్రి అమ్మా, కూసోండ్రి. ప్రయాణం మంచిగ అయ్యిందా?"

చాయ్ తెప్పించాడు. అప్పుడు పెట్టె మూత తీశాడు. ఒక చుట్ట చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, మొహం విప్పారింది. తర్వాత దాన్ని తిప్పి కొన వైపు చూశాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. పెట్టె అడుగు దాకా వేళ్ళు పెట్టి చూశాడు.

"అమ్మా, వీటి కొనలు ఎవరో కోసిన్రు."

"నేనే కోశాను బాబూ. వచ్చినవాళ్ళకు శ్రమ ఉండకూడదని."

"అన్నీ కోసిన్రా?"

"అన్నీ."

అతను చుట్టను నెమ్మదిగా పెట్టెలో పెట్టేశాడు. అరిచినా బాగుండేది. చాయ్ కప్పు పక్కకు జరిపాడు.

"జర ఇటు చూడుండ్రి," అని అరలోంచి ఒక విదేశీ చుట్ట తీశాడు. దాని కొన గుండుసూది తల లాగా నున్నగా మూసి ఉంది. "నా గిరాకీ వచ్చి దీన్ని కొంటడు. కూసుంటడు. ఏ కట్టర్‌తోని కొయ్యాల్నా అని పది నిమిషాలు ముచ్చట వెడతడు. ఆయన కొనేటిది ఆ కోసుకునుడే అమ్మా. ముందే కోసి ఉన్నదంటే ఎవరో నోట్ల పెట్టుకొని వాపస్ ఇచ్చిన్రు అనుకుంటడు. ఎంగిలి అంటరు గద, గట్ల. ఇంకోటి, కోసినంక లోపల ఆకు ఎండిపోతది."

ఎంగిలి కాకూడదనే నేను అడకత్తెర పట్టుకున్నాను. అది ఇక్కడికొచ్చేసరికి ఎంగిలైపోయింది.

"ఇంక రెండు వందలు తెప్పియ్యలేరా, ఆదివారం లోపల?"

"ఆకు లేదు బాబూ. చుట్టాక ఆరడానికే మూడు వారాలు పడుతుంది."

"శనివారం దాకా చూడుండ్రి. కొనలు ఎట్లనన్న మళ్ళ మూయగలిగితే తీస్కరాండ్రి. నాకు గూడ మీ సరుకే పెట్టాలని ఉన్నది."

తిరిగొస్తుంటే చిక్కడపల్లిలో వదిన ఫోన్ చేసింది.

"ఏవన్నారు సత్యా?"

"చూస్తున్నారు వదినా. వాసన బావుందన్నారు."

"అమ్మయ్య. ఇక్కడ వీళ్ళంతా నా చుట్టూనే కూర్చున్నారు, ఉండు చెబుతాను," అంది. ఫోన్లోనే నవ్వులు వినిపించాయి. అక్కడి నగర గ్రంథాలయం గోడ పక్కన ఆగాను. చదువుకునే పిల్లలు నా పక్క నుంచి లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఆ గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

కోఠిలో ఆకు కోసం

శుక్రవారం పొద్దున చిక్కడపల్లిలో యాభై రూపాయలు పెట్టి ఇడ్లీ కొన్నాను. మా దగ్గర ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే గొడవ జరుగుతుంది. ఇక్కడ పల్లీ చట్నీ అడిగినంత పోస్తారు, అల్లం ఊసు లేదు. ఒక ఇడ్లీ తిని రెండోది వదిలేశాను.

కొనలు మళ్ళీ మూయాలంటే ఆకు కావాలి. కోఠి నుంచి సుల్తాన్ బజార్ దాకా పొగాకు అమ్మే ప్రతి కొట్టూ ఎక్కాను. అన్నిచోట్లా తినే పొగాకే. చుట్టాకు అంటే ఒకతను నన్ను ఎగాదిగా చూసి, "చుట్ట ఇప్పుడెవరు తాగుతున్నరు పెద్దమ్మా?" అన్నాడు. చీరలు, స్టీలు గిన్నెలు, గాజుల మధ్య మూడు గంటలు జనాన్ని తోసుకుంటూ తిరిగాను. చెప్పు తెగింది. చివరికి ఒక ముసలి వ్యాపారి నిండు ఆకులని కట్ట చూపించాడు. నూట ఇరవై ఇచ్చి తెచ్చాను. హాస్టల్లో విప్పితే దానికి బెల్లప్పాకం పట్టించి ఉంది. వేలు పెడితే అంటుకుంటోంది, లాగితే చిరిగిపోతోంది.

ఇక మిగిలింది ఒకటే దారి. వదిన చుట్టిన చుట్టలే కొన్ని విప్పి, ఆ పై ఆకుతో మిగతావాటి కొనలు మూయాలి. ముప్పై చుట్టలు విప్పాను. ఒక్కో ఆకునూ ఆవిడ ఈనె తీసి, తొడ మీద పరిచి, అరచేత్తో సాపు చేసి చుట్టింది. నేను కూరగాయలు తరిగినట్టు ముక్కలు చేస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లక్ష్మక్క వంటింట్లో మైదా జిగురు కాచి ఇచ్చింది. నేను చేస్తున్నది కాసేపు చూసింది.

"అక్కా, నీకు చుట్టుడు వస్తదా?"

"రాదమ్మా. నన్ను బడికి పంపారు. పాకలోకి రానివ్వలేదు."

"మరి గిదెట్ల అయితది?"

"కావాలి," అన్నాను.

ఆమె తడిబట్ట తెచ్చి ఆకుల మీద కప్పింది. సాయంత్రానికి ఒకటి తక్కువ నూట డెబ్బై చుట్టల కొనలకు ఆకు టోపీలు అతికించాను. చూస్తే దెబ్బ తగిలిన వేళ్ళకు కట్లు కట్టినట్టున్నాయి. డాబా మీద ఆరబెడుతుంటే, బట్టలు తీసుకోవడానికొచ్చిన పక్క మంచం అమ్మాయి వాటి దగ్గర ఆగింది.

"ఎగ్జామా ఆంటీ?" అంది నవ్వకుండా.

అవునన్నాను.

నారాయణగూడ, అద్దం బల్ల మీద

శనివారం మధ్యాహ్నం పెట్టె తీసుకుని మళ్ళీ దుకాణం మెట్లెక్కాను. అక్కడొక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా, చేతికర్ర. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి యాభై ఏళ్ళుగా చిక్కడపల్లిలోనే ఉంటున్నారట. రేపు వచ్చే గిరాకీల్లో అందరికంటే పాతవారు ఆయనే.

రమేష్ అద్దం బల్ల మీద నల్లగుడ్డ పరిచి కట్టర్లు వరసగా పెట్టాడు. చూసేటప్పుడు బొమ్మల కొలువులా ముచ్చటగానే ఉన్నాయి. మొదటిది, రెండు బ్లేడ్లు ఎదురెదురుగా వచ్చి అడ్డంగా కోసేది, నాలుగు వందలు. అలాంటిదే ఇంకోటి, తాబేటి చిప్ప రంగు పిడితో, పన్నెండు వేలు. ఇంకోటి కొన మీద ఇంగ్లీషు వి అక్షరంలా గాడి పడేట్టు లోతుగా కోసేది. మరోటి తుపాకీ గుండంత ఉంది, కొనలో గుండ్రంగా చిల్లు పొడుస్తుంది.

"పన్నెండు వేల దాంట్లో ఏముంది బాబూ?" అన్నాను. అంత దిగుల్లోనూ అడగకుండా ఉండలేకపోయాను.

"అబద్ధం ఎందుకమ్మా. నాలుగు వందలది ఏడాది మంచిగనే కోస్తది, పదును పోతే పారేస్తం. గిది పదేండ్లు కోస్తది. కానీ ఎవ్వలు పదును కోసం కొంటలేరు. నలుగురి ముంగట జేబుల నుంచి తియ్యనీకి కొంటున్నరు."

"కోతల్లో అడ్డకోతే కోత," అన్నారు పెద్దాయన. "గాడి పెడితే పొగ ఒక్కచోట నుంచే వచ్చి నాలుక చురుక్కుమంటుంది. చిల్లు పొడిస్తే కాసేపటికి చేదు పేరుకుంటుంది. అడ్డంగా, పల్చగా కోయాలి. టోపీ పోవాలి కానీ దాని కిందుండే వంపు, భుజం అంటారే, అది తెగకూడదు."

రమేష్ నేను మూసిన చుట్ట ఒకటి తీసుకుని ముందు నాలుగు వందల దానితో కోశాడు. టోపీ మొత్తం ఊడి అద్దం మీద దొర్లింది, వెనకే పై ఆకు చుట్టు విడిపోయింది. గాడి పెట్టేదానితో ఇంకోటి కోస్తే కొన రెండుగా చీలింది. చిల్లు పొడిచేదానితో పొడిస్తే టోపీ లోపలికి దిగి, పొగ దారికి బిరడా పడింది. ఆఖరికి పన్నెండు వేలది తీశాడు. అది చప్పుడు కూడా చేయలేదు. టోపీ చక్కగా తెగింది. రమేష్ నా వైపు చూసి కొంచెం నవ్వాడు. చుట్ట పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన పెదాల దగ్గర పెట్టుకోగానే మిగిలిన జిగురు ముక్క ఆయన మీసానికి అంటుకుంది, ఆకు ఆయన వేళ్ళ మధ్యే విచ్చుకుపోయింది.

ఆయన ఏమీ అనుకోలేదు. మీసం తుడుచుకుని పెట్టెలోకి తొంగి చూశారు. టోపీ పెట్టడానికి వీల్లేక వదిలేసిన ఒక చుట్ట మూలకు పడి ఉంది. దాన్ని తీసి వెలిగించుకున్నారు. మొదటి దమ్ముకే కళ్ళు మూసుకున్నారు. గదిలో అందరం ఆయన మొహమే చూస్తున్నాం. అంగుళం కాలేదాకా బూడిద రాలలేదు.

"ఎవరు చుట్టారమ్మా ఇది?"

"మా వదినండీ."

"నలభై ఏళ్ళైంది ఇలాంటి చుట్ట తాగి. రమేష్, ఈ కొన మూసి ఉంటే రేపు నీ వాళ్ళెవరూ ఆ తమిళనాడుది ముట్టుకునేవాళ్ళు కాదు."

"నాకెరుకే సార్," అన్నాడు రమేష్. నా వైపు తిరిగి, "ఆకు మంచిగున్నది అమ్మా. చుట్టుడు మంచిగున్నది. గీ కోత ఒక్కటే. కోసినయి, అతికిచ్చినయి వాళ్ళ ముంగట పెట్టలేను. పెడితే మీ వదిన పేరే ఖరాబ్ అయితది."

"వచ్చే పంటకు తెస్తే తీసుకుంటావా?"

"అబద్ధం చెప్పను. ఒక్కసారి ఆ అర ఇచ్చినంక రెండేండ్ల దాకా నా చేతుల ఉండదు."

పెద్దాయన నేను అతికించినవాటిలోనే పది తీసుకుని డబ్బు బల్ల మీద పెట్టారు. వద్దన్నా వినలేదు. మా కోస్తావాళ్ళు, మా మర్యాద తెలిసినవాళ్ళు, ఇంకా ఎంతమంది ఉన్నారండీ ఇక్కడ అని అడిగాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, మధ్యలో ఆపేశారు.

మెట్లు దిగుతుంటే వదిన ఫోన్ మోగింది. తీయలేదు.

ఇల్లు

రైల్లో కళ్ళు మూతపడలేదు. చెప్పడానికి నా దగ్గర ఒక సులువైన మాట ఉంది. పట్నంవాళ్ళకు మన చుట్ట నచ్చలేదు అంటే సరిపోతుంది. వదిన నమ్ముతుంది, నా తప్పు బయటపడదు. కాకపోతే ఆవిడ బతికినన్నాళ్ళూ తన చేతిపని బాగోలేదనే అనుకుంటుంది. అలా ఎలా చెప్పను? ఏ స్టేషను వచ్చి వెళ్ళిందో తెలియలేదు.

ఆదివారం పొద్దున పాకలో ఆరుగురూ ఉన్నారు. సెలవు రోజైనా వచ్చారు. చాప మీద కూర్చుని అంతా చెప్పాను. అడకత్తెర సంగతి, టోపీల సంగతి, పెద్దాయన అన్న మాట ఉన్నదున్నట్టు. "నీ పనిలో ఏ లోపమూ లేదు వదినా, నా వల్లే పోయింది," అన్నాను. అందరికంటే చిన్నది నూకరత్నం లేచి బయటికి వెళ్ళింది.

వదిన అతికించిన చుట్ట ఒకటి తీసుకుని, నా టోపీని గోటితో మెల్లగా వలిచి పక్కన పెట్టింది.

"నువ్వు కోస్తున్నప్పుడు వంటింటి కిటికీలోంచి చూశాను సత్యా," అంది. "అమ్మబోయే చుట్టల్ని ముందే ఎందుకు కోస్తోందా అనుకున్నాను. చదువుకున్నదానివి, పట్నం పద్ధతి నీకు తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నాను. అడిగితే నా మోటుతనం బయటపడుతుందని అడగలేదు."

సోమవారం ఏడింటికి రొయ్యల షెడ్డు ఆటో వచ్చింది. ఆరుగురూ ఎక్కాక వదిన కూడా ఎక్కింది. ఆవిడకు అరవై రెండేళ్ళు. జరిగి చోటివ్వమని ముందు కూర్చున్నవాళ్ళను అడిగింది.